చెరువులు లెక్కపెట్టిన ఇంజనీరు – మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబరు 15 వచ్చిందంటే మా బాచుపల్లిలో సందడి మొదలవుతుంది. మా హాస్టల్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఎక్కువ. ఆ రోజు ఇంజనీర్ల దినోత్సవం. కాలేజీ గేట్ల దగ్గర ఫ్లెక్సీలు కడతారు. వాటి మీద మైసూరు తలపాగా పెట్టుకుని, కోటు వేసుకున్న ఒక పెద్దాయన బొమ్మ ఉంటుంది. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మేము రోజూ ఆ దారిలోనే నడుచుకుంటూ వెళ్తాం కానీ ఆయన ఎవరో, మన హైదరాబాదుకు ఏం చేశారో చాలా కాలం మాకు తెలియదు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయమని వార్డెన్ సార్ మాకు అప్పగించారు. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జగ్జీవన్ రామ్ గారి గురించి అన్నలు ఇంతకు ముందే రాశారు. మేము కొత్తగా ఏం రాయాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే పెద్ద వాన కురిసింది. హాస్టల్ వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రెండు రోజులు చెప్పులు చేత్తో పట్టుకుని కాలేజీకి వెళ్ళాం. అదే వేసవిలో మాత్రం బిందె నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర వరుస కట్టాం. వానాకాలం మునక, ఎండాకాలం ఎద్దడి, రెండూ ఒకే వీధిలో ఎలా వస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ లైబ్రరీకి వెళ్తే 1908 నాటి మూసీ వరద దగ్గరికి, అక్కడి నుంచి విశ్వేశ్వరయ్య గారి దగ్గరికి చేరాం.

బాల్యం – విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య గారు 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. ఇది చిక్కబళ్ళాపురం దగ్గర ఉంది. ఆయన పూర్వీకులది మన తెలుగు నేలే. ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం వారి స్వగ్రామం. అక్కడి నుంచి వలస వెళ్ళినా ఊరి పేరును ఇంటి పేరుగా నిలుపుకున్నారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు.

పండితుల ఇల్లే గాని సంపన్నుల ఇల్లు కాదు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. 1881లో బి.ఎ. పాసయ్యారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనాలోని సైన్స్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, 1883లో మొదటి స్థానంలో నిలిచారు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదవడం, స్కాలర్‌షిప్ కోసం ఎదురు చూడడం మనకు కొత్త కాదు కదా! ఈ భాగం చదివినప్పుడు మాలో చాలామందికి మన ఇంటి మనిషి కథ చదువుతున్నట్టే అనిపించింది.

ఉద్యోగంలో నేర్చిన పాఠాలు

1884లో బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. మొదట నాసిక్‌లో పని. తర్వాత ఖాందేశ్, పూనా, సింధులోని సుక్కూరు, సూరత్ వంటి చోట్ల పనిచేశారు. ఈ ఉద్యోగ జీవితంలో ఆయన చేసిన రెండు పనులను మేము ప్రత్యేకంగా చెప్పదలిచాం.

మొదటిది స్వయంచాలక గేట్లు. పూనాకు నీరిచ్చే ఖడక్‌వాస్లా జలాశయంలో నీళ్ళు చాలడం లేదు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పైగా పాత కట్ట తట్టుకుంటుందో లేదో అన్న భయం. విశ్వేశ్వరయ్య గారు అలుగు మీద గేట్లు అమర్చే పద్ధతి కనిపెట్టారు. నీరు ఒక మట్టం దాకా వచ్చే వరకు అవి మూసుకునే ఉంటాయి. వరద ఆ మట్టం దాటగానే నీటి బలానికే తెరుచుకుంటాయి. మట్టం తగ్గగానే మళ్ళీ మూసుకుంటాయి. మనిషి కాపలా ఉండి తిప్పనక్కర లేదు. 1903లో వీటిని బిగించారు. కట్టను ముట్టుకోకుండానే సుమారు 8 అడుగుల మేర అదనంగా నీరు నిలిచింది. తర్వాత గ్వాలియరు దగ్గరి తిగ్రా డ్యాములోనూ, మైసూరు కృష్ణరాజసాగరంలోనూ ఇలాంటి గేట్లు పెట్టారు.

రెండవది బ్లాకు పద్ధతి సాగు. దక్కను కాలువల కింద మొదట్లో ఉన్న రైతులు నీళ్ళన్నీ తమ చెరకు తోటలకు పెట్టుకునేవారు. అక్కడ నేల చౌడు బారిపోయేది, చివరి ఊళ్ళకు చుక్క అందేది కాదు. విశ్వేశ్వరయ్య గారు ఊళ్ళ భూములను బ్లాకులుగా విడదీసి, ఏ బ్లాకులో ఏ పంట, ఎప్పుడు ఎంత నీరు అనేది వంతుల ప్రకారం నిర్ణయించే పద్ధతి ప్రవేశపెట్టారు. నీళ్ళు ఉన్నంత మాత్రాన అందరికీ అందవు, వంతు పెడితేనే అందుతాయి అన్నది ఈ పద్ధతిలోని నీతి. మిత్రులారా, ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1908 సెప్టెంబరు 28

ఆ రోజుల్లో హైదరాబాదును ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలిస్తున్నారు. మూసీ నది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి నగరం మధ్యగా పారుతుంది. నగరానికి కొంచెం ఎగువన ఈసీ నది వచ్చి దానిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీరు కనబడని నది. అందుకే జనం ధైర్యంగా ఒడ్డు దాకా ఇళ్ళు కట్టుకున్నారు.

1908 సెప్టెంబరు చివరి వారంలో కుండపోత మొదలైంది. శంషాబాదులో ఒక్క రోజులో 12.8 అంగుళాలు, రెండు రోజుల్లో కలిపి 18.9 అంగుళాల వాన పడింది. 28వ తేదీన మూసీ ఊరి మీద పడింది. వేలాది ఇళ్ళు కూలిపోయాయి. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. వంతెనలు దెబ్బతిన్నాయి. అప్పటికే మూడు వందల ఏళ్ళు దాటిన పాత కట్టడమైన పురానాపూల్ మాత్రం నిలబడింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. చచ్చిపోయిన వారిలో ఎక్కువ మంది నది ఒడ్డున గుడిసెల్లో, మట్టి ఇళ్ళలో ఉన్న పేదవాళ్ళే. వరదకు కులం, మతం లేవంటారు గాని, పల్లంలో ఎవరు ఉంటారన్నది మాత్రం డబ్బే నిర్ణయిస్తుంది.

చెరువుల లెక్క

విశ్వేశ్వరయ్య గారు అప్పటికి బొంబాయి ఉద్యోగానికి స్వచ్ఛందంగా విరమణ ఇచ్చి విదేశాల్లో పర్యటిస్తున్నారు. నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వెళ్ళింది. 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు వచ్చారు.

వచ్చిన ఇంజనీరు ఏం చేస్తారు? నదికి ఇరుపక్కలా ఎత్తైన గోడ కట్టమని చెప్పి వెళ్ళిపోవచ్చు. ఆయన అలా చేయలేదు. నగరంలో కూర్చోకుండా నదికి ఎగువన ఉన్న ప్రాంతమంతా సర్వే చేయించారు. ఎక్కడెక్కడ ఎంత వాన పడింది, ఆ నీరు ఏ వాగులో నుంచి ఏ చెరువులోకి వచ్చింది, ఏ కట్ట ఎప్పుడు తెగింది అని వివరాలన్నీ సేకరించారు. మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని తేల్చారు. అంటే సుమారుగా చదరపు మైలుకు ఒక చెరువు. అందులో 221 చెరువులు ఆ వానకు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా వచ్చి కింది చెరువును తెంచుతుంది. ఆ రెండూ కలిసి మూడో దాన్ని తెంచుతాయి. గొలుసుకట్టు చెరువులు బాగున్నంత కాలం నీటిని మెట్టు మెట్టుగా దించుతాయి. గొలుసు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా మీద పడుతుంది. అలా నగరం దగ్గర వరద ఉధృతి సుమారు 4 లక్షల 25 వేల క్యూసెక్కులకు చేరిందని ఆయన లెక్క కట్టారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు.

నది తప్పు లేదు, నీరు తన దారిన తాను వచ్చింది. ఆ నీటికి ఎగువనే చోటు చూపించాలి. ఇదీ ఆయన పరిష్కారం. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి కొద్ది మైళ్ళ ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టాలని, వాటిలో వరద నీటిని పట్టి ఉంచి నది భరించగలిగినంతే మెల్లగా వదలాలని 1909లోనే నివేదిక ఇచ్చారు. నగరంలో నది గట్లను బాగు చేసి తోటలు వేయాలని, మురుగు కాలువల వ్యవస్థ ఏర్పాటు చేయాలని కూడా సూచించారు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పనులు జరిగాయి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. మనం గండిపేట అని పిలుచుకునేది దీన్నే. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. నిర్మాణ బాధ్యతల్లో హైదరాబాదు రాష్ట్ర ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి కృషి మరువరానిది. వరద ఆపడానికి కట్టిన ఈ చెరువులే దశాబ్దాల పాటు నగరానికి మంచినీళ్ళు తాగించాయి. గండిపేట నీరు మోటార్లు లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడు అని మన పెద్దలు అనేది అందుకే.

మైసూరు దివాను – మేము ఒప్పుకోలేని ఒక విషయం

1909 చివర్లో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. 1912లో దివాను అయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగరం పనులు 1911లో మొదలయ్యాయి. మైసూరు బ్యాంకు 1913లో, మైసూరు విశ్వవిద్యాలయం 1916లో వచ్చాయి. భద్రావతి ఇనుము కర్మాగారానికి బాటలు వేశారు. ఆయన దివానుగా ఉన్న ఆరేళ్ళలో సంస్థానంలో బడుల సంఖ్య రెట్టింపుకు మించి పెరిగింది. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

అయితే ఒక విషయాన్ని దాచిపెట్టి రాస్తే అది జీవిత చరిత్ర కాదు, భజన అవుతుంది. ఆనాడు మైసూరు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం బ్రాహ్మణులే ఉండేవారు. మిగతా కులాల వారు తమకూ వాటా కావాలని అడిగారు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ ఆ కోరికలో న్యాయం ఉందని భావించి 1918లో జస్టిస్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్య గారు దీనికి ఒప్పుకోలేదు. కులాన్ని బట్టి ఉద్యోగాలిస్తే పాలన సామర్థ్యం దెబ్బతింటుందని, చదువు పెంచితే చాలని ఆయన నమ్మకం. ఈ అభిప్రాయ భేదంతోనే దివాను పదవి వదులుకున్నారు. మిల్లర్ కమిటీ వెనుకబడిన వారికి ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని సిఫారసు చేసింది.

ఈ సంగతి చదివినప్పుడు మాలో పెద్ద చర్చ జరిగింది. రిజర్వేషన్లు వద్దన్న మనిషి గురించి సాంఘిక సంక్షేమ హాస్టల్ పత్రికలో రాయడం ఏమిటి అని కొందరు మిత్రులు అడిగారు. వారి కోపంలో న్యాయం ఉంది. ఆయన మాటే నెగ్గి ఉంటే మేము ఈ బాచుపల్లిలో ఈ మంచాల మీద కూర్చుని ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు.

కానీ మేము ఆలోచించగా ఆయనకు జవాబు ఆయన పనిలోనే దొరికింది. దక్కను కాలువల మీద ఆయనే కదా వంతులు పెట్టింది! కాలువ తవ్వితే చాలు, నీరు దానంతట అదే చివరి పొలానికి పోతుందని ఆయన అనుకోలేదు. మొదట ఉన్నవాడు మొత్తం లాగేసుకుంటాడని తెలుసు కనుకనే బ్లాకులు గీశారు. చదువు కూడా కాలువ లాంటిదే. బడులు పెంచితే చాలదు. తరతరాలుగా కాలువ చివర ఉన్నవారికి వంతు పెట్టాలి. ఆ వంతు పేరే రిజర్వేషన్. నీటి విషయంలో చూసిన న్యాయాన్ని ఆయన మనుషుల విషయంలో చూడలేకపోయారు. గొప్పవారిలోనూ ఇలాంటి లోపాలు ఉంటాయి. వారి పని నుంచి నేర్చుకోవాలి, లోపాన్ని లోపమనే చెప్పాలి.

1927 – రెండు చెరువులు

హిమాయత్ సాగర్ పూర్తయిన 1927 సంవత్సరంలోనే, మార్చి 20న, బొంబాయి రాష్ట్రంలోని మహద్ పట్టణంలో డాక్టర్ అంబేడ్కర్ గారు వేలాది మందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువులో నీళ్ళు తాగారు. ఆ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ అప్పటికే తీర్మానించినా అంటరానివారిని తాగనిచ్చేవారు కాదు. తాగినందుకు ఆ రోజు మన వాళ్ళను కొట్టారు. పదేళ్ళ కోర్టు పోరాటం తర్వాత 1937లో బొంబాయి హైకోర్టు ఆ చెరువు మీద అంటరానివారికీ హక్కు ఉందన్న తీర్పును నిలబెట్టింది.

ఒకే సంవత్సరంలో ఒకచోట నీటిని నిలబెట్టారు, మరొకచోట ఆ నీటి మీద హక్కును నిలబెట్టారు. నీటి చరిత్ర చదివేటప్పుడు ఈ రెండూ కలిపి చదవాలని మా అభిప్రాయం. చెరువును కాపాడాలి, ఆ చెరువు అందరిదీ కావాలి. పర్యావరణ ఉద్యమం అంటే చెట్లు, పక్షుల గురించి మాత్రమే అని కొందరు అనుకుంటారు. మహద్ పోరాటం కూడా ఒక విధంగా పర్యావరణ పోరాటమే.

ఈ ఇద్దరు మహనీయుల పని మహానది దగ్గర కూడా కలుస్తుంది. 1937లో ఒరిస్సాను వరదలు ముంచినప్పుడు గాంధీజీ కోరిక మీద విశ్వేశ్వరయ్య గారు వెళ్ళి పరిశీలించి, నది మీద జలాశయాలు కట్టాలని సూచించారు. 1945లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ గారు కటక్‌లో సమావేశం జరిపి మహానదిని బహుళార్థసాధక పథకాలతో వినియోగించుకోవాలని నిర్ణయింపజేశారు. ఆ దారిలోనే హీరాకుడ్ డ్యాము వచ్చింది. 1957లో దాన్ని ప్రారంభించారు.

చివరి రోజులు – మారిన ప్రపంచం

విశ్వేశ్వరయ్య గారు వృద్ధాప్యంలోనూ విశ్రాంతి తీసుకోలేదు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలంటూ పుస్తకం రాశారు. తొంభై ఏళ్ళ వయసులో బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో పరిశీలించే కమిటీకి నాయకత్వం వహించారు. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962 ఏప్రిల్ 14న బెంగళూరులో కన్నుమూశారు. ఆ రోజు అంబేడ్కర్ జయంతి.

ఆయన మరణించిన 1962లోనే అమెరికాలో రేచల్ కార్సన్ అనే శాస్త్రవేత్త రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పుస్తకం వచ్చింది. డి.డి.టి. వంటి పురుగుమందులు పక్షులను, చేపలను, చివరికి మనుషులను ఎలా దెబ్బతీస్తాయో ఆమె చూపించారు. ప్రపంచంలో ఆధునిక పర్యావరణ ఉద్యమం అక్కడి నుంచి ఊపందుకుంది. 1972 జూన్ 5న స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి సదస్సు మొదలైంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటున్నాం. 1973లో హిమాలయాల్లో గ్రామీణులు, ముఖ్యంగా మహిళలు, చెట్లను కౌగిలించుకుని చిప్కో ఉద్యమం నడిపారు. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలాది మందిని చంపింది. తర్వాత 1986లో మన దేశంలో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1980ల నుంచి నర్మదా లోయలో నిర్వాసితులు పెద్ద డ్యాములను ప్రశ్నించారు.

విశ్వేశ్వరయ్య గారి తరం డ్యాములను ప్రగతికి గుర్తుగా చూసింది. మునిగిపోయిన ఊళ్ళ గురించి తక్కువగా మాట్లాడింది. కృష్ణరాజసాగరం కింద కన్నంబాడి గ్రామం మునిగింది. హీరాకుడ్ కింద వందకు పైగా గ్రామాలు పోయాయి. మా హాస్టల్‌లోనూ ప్రాజెక్టుల కింద భూములు పోయిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. అందుకని ఆయనను తక్కువ చేయం గాని, డ్యాము కట్టేటప్పుడు చెరువులతో పాటు మునిగే ఇళ్ళను కూడా లెక్కపెట్టాలని ఆ ఉద్యమాలు మనకు నేర్పాయి.

గండిపేట కోర్టుకెక్కింది

1996 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, భారీ నిర్మాణాలు రాకూడదని ఆంక్షలు పెట్టింది. ఆ పరిధిలో నూనె శుద్ధి పరిశ్రమ పెట్టాలని ఒక సంస్థ ప్రయత్నిస్తే కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1999లో, మళ్ళీ 2000లో కోర్టు ఇచ్చిన తీర్పులు దేశమంతటా పేరు పొందాయి.

1992లో రియో సదస్సు ఆమోదించిన ముందుజాగ్రత్త సూత్రాన్ని కోర్టు ఇక్కడ ఉపయోగించింది. హాని జరిగిన తర్వాత నిరూపించడం కాదు, హాని జరగదని ముందే చూపించే బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదే అన్నది దాని సారం. లక్షలాది మంది తాగే నీటితో పరీక్షలు చేయకూడదని కోర్టు భావించింది. ఒక వరద కోసం కట్టిన మన చెరువులు దేశానికి న్యాయపాఠం నేర్పాయన్నమాట. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో ఇచ్చింది. దాని మీద పర్యావరణవేత్తలు, స్థానిక రైతులు చెరొక వైపు నిలిచి వాదించారు. తమ భూమికి ధర రావాలని రైతు అడగడం తప్పు కాదు. నీరు బతకాలని నగరం అడగడమూ తప్పు కాదు. ఈ రెండింటికీ దారి చూపే ఇంజనీర్లు, అధికారులు కావాలి.

మన బాచుపల్లి సంగతి

బాచుపల్లి ఒకప్పుడు పొలాలు, చెరువులు ఉన్న పల్లెటూరు. హైటెక్ సిటీ వచ్చాక నగరం ఇటువైపు పెరిగింది. కాలేజీలు, అపార్టుమెంట్లు, కంపెనీలు వచ్చాయి. 2016లో బాచుపల్లి మండలం కూడా అయింది. అభివృద్ధి మాకు ఇష్టమే. మాలో కొందరి అమ్మానాన్నలు ఈ అపార్టుమెంట్ల పనుల్లోనే ఇటుకలు మోసి మమ్మల్ని చదివిస్తున్నారు. కానీ 2024 మే నెలలో కురిసిన భారీ వానకు ఇదే బాచుపల్లిలో నిర్మాణంలో ఉన్న ఒక అపార్టుమెంటు గోడ కూలి, పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్న వలస కూలీలు ఏడుగురు చనిపోయారు. వారిలో ఒక పసిబిడ్డ కూడా ఉంది. 1908లో మూసీ ఒడ్డున చనిపోయినవారూ, ఇక్కడ చనిపోయినవారూ పల్లంలో తల దాచుకున్న పేదలే.

విశ్వేశ్వరయ్య గారి గురించి చదివాక మేము ఒక పని చేశాం. ఆయన 788 చెరువుల లెక్క తీస్తే, మేము మా హాస్టల్ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న చెరువులు, కుంటలు లెక్కపెడదామని నాలుగు ఆదివారాలు తిరిగాం. టీ కొట్టు దగ్గర కూర్చునే తాతలను, బర్రెలు కాసే పెద్దమ్మలను, పాత ఊరిలోని వారిని అడిగాం. ఎక్కడ అలుగు పారేది, ఎక్కడ తూము ఉండేది, ఏ కాలువ ఎటు పోయేది అని అడుగుతుంటే వారి ముఖాలు వెలిగిపోయాయి. కొన్ని చెరువులు ఉన్నాయి గాని మురుగుతో, గుర్రపుడెక్కతో నిండాయి. ఒక కుంట పేరు మాత్రం మిగిలింది, అక్కడ ఇళ్ళున్నాయి. ఒక కాలువ దారిని పెద్దమ్మ ఒకావిడ చేత్తో గీసి చూపించింది. ఆ గీత తిన్నగా వచ్చి మా హాస్టల్ వీధిలో నుంచే పోయింది! మోకాలి లోతు నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు మాకు అర్థమైంది. నీరు మా వీధికి రాలేదు, మా వీధే నీటి దారిలోకి వెళ్ళింది. వానను నిలిపే కుంట పోయింది కనుక వానాకాలం మునుగుతున్నాం. భూమిలోకి ఇంకే నీరు లేదు కనుక ఎండాకాలం ట్యాంకరు కోసం చూస్తున్నాం. మా రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

మేము తిరిగి గీసిన పటాన్ని హాస్టల్ నోటీసు బోర్డు మీద పెట్టాం. అందులో తప్పులు ఉండవచ్చు. వచ్చే ఏడాది తమ్ముళ్ళు దాన్ని సరిదిద్ది ఇంకా పెద్దది చేయాలని మా కోరిక.

మిత్రులారా! రేపు మనలో కొందరం ఇంజనీర్లం అవుతాం, కొందరం తహసీల్దార్లం, టీచర్లం, మేస్త్రీలం అవుతాం. ఏ పనిలో ఉన్నా పునాది తవ్వే ముందు నీటి దారి ఎటు అని అడుగుదాం. పని పూర్తయ్యాక దాని ఫలం చివరి ఇంటికి అందిందా అని కూడా అడుగుదాం. మొదటి ప్రశ్న విశ్వేశ్వరయ్య గారు నేర్పారు. రెండవ ప్రశ్న అంబేడ్కర్ గారు నేర్పారు. ఈ రెండు ప్రశ్నలూ మరచిపోని వారే మన ఊళ్ళను, మన నీళ్ళను కాపాడగలరని నమ్ముతూ ఈ చిన్న వ్యాసాన్ని ముగిస్తున్నాం.